నాలుగో నంబరు పంపు మీద ఫిర్యాదు

హైగిల్,
యార్క్‌షైర్ కొండ ప్రాంతం.
నవంబరు 19, బుధవారం.

కౌంటీ వాణిజ్య ప్రమాణాల అధికారి గారి సముఖమునకు,
హైగిల్ గ్యారేజీ యజమాని కీత్ మెట్‌కాఫ్, వయసు అరవై మూడు, అవివాహితుడు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రావెన్‌బెక్ పట్టణమందలి సూపర్‌మార్కెట్ వారు చవకగా అమ్ముచున్న డీజిల్, రోజూ తిరిగే బండ్లకు పనికివచ్చునా రాదా అని విచారణ జరిపి, పనికిరాదని తేల్చవలసినదిగా కోరుట గురించి.

సూచిక: తమ కార్యాలయము నుండి ఫోనులో మాట్లాడిన అమ్మాయి, "మీ ఫిర్యాదుకి నంబరు ఇచ్చేశామండీ, ఏం చెప్పుకున్నా కాగితం మీద పెట్టి శుక్రవారంలోగా పంపండి. ఫోనులో వద్దు, ప్లీజ్" అని పలికిన మాట.

పై విషయమై తమకు ఈ దిగువ అంశములను మనవి చేసుకొనుచున్నాను.

1. మా గ్యారేజీలో ఒక డీజిల్ పంపు, ఒక పెట్రోలు పంపు, బండ్లు బాగుచేసే షెడ్డు ఒకటి కలవు. మా నాన్నగారి కాలం నుండి మా పద్ధతి ఒక్కటే. బండి వచ్చి ఆగితే నేనే బయటకు వచ్చి డీజిల్ కొడతాను, ముందు అద్దం తుడుస్తాను, ఇంజను ఆయిలు చూస్తాను. రావెన్‌బెక్ మాకు తొమ్మిది మైళ్లు దిగువన ఉన్నది. మా పంపు దాటిన తర్వాత రోడ్డు మరి నాలుగు మైళ్లు పైకి పోయి జలాశయం గేటు దగ్గర ఆగిపోతుంది. అక్కడ గొర్రెలు తప్ప ఎవ్వరూ ఉండరు.

2. లొరెయిన్ ఫాసెట్ గారు రావెన్‌బెక్‌లో ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లకు జుట్టు కత్తిరించి సెట్ చేసి వస్తారు. భర్త పోయి పన్నెండేళ్లు. ఆమెకు ఒక చిన్న డీజిల్ వ్యాను ఉన్నది. పదకొండు సంవత్సరములుగా ప్రతి గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆ వ్యాను మా పంపు దగ్గర ఆగేది. ఆమెకు మా వైపు ఏదో పని ఉండేది. ఒకరి పనుల గురించి ఆరా తీయడం నా అలవాటు కాదు. పెద్దవాళ్ల తలలు పట్టే చేతులు గనుక, ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ చేతులకు డీజిల్ వాసన అంటనివ్వలేదు.

ఇక్కడ తమ శాఖకు సంబంధించిన ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆ వ్యాను ట్యాంకు నాలుగు నిమిషాల్లో నిండుతుంది. నేను నాజిల్‌ను సగమే నొక్కి పావుగంట పట్టేలా చూసుకునేవాడిని. కొలతలో చుక్క తేడా లేదు. వేగంలోనే తేడా. ఆ పావుగంటా మేము వానల గురించి మాట్లాడుకునేవాళ్లం.

3. గత సెప్టెంబరులో సదరు సూపర్‌మార్కెట్ వారు పంపులు తెరిచారు. ఫాసెట్ గారి ఇంటికి అది రెండు నిమిషాల దూరం. తెరిచిన వారమే ఆమె నా దగ్గరకు వచ్చి, నేను అద్దం తుడుస్తుండగా ఇలా అడిగారు.

"మెట్‌కాఫ్ గారూ, అక్కడి డీజిల్ మంచిదేనంటారా? నాలాంటిదాని బండికి పరవాలేదా?"

"రోజూ తిరిగే బండికి ఏ డీజిలైనా ఒకటేనండీ. ప్రమాణం పాటించకుండా ఎవరూ అమ్మలేరు. ఖరీదైన రకంలో ఇంజను లోపల కడిగే మందు కాస్త ఎక్కువ వేస్తారు, అంతే."

"అయితే అక్కడ కొట్టించుకోమంటారా?"

"మీ ఇష్టమండీ."

అప్పటికి నాకు ఇంకా కడుపుమంట మొదలు కాలేదు గనుక నిజం చెప్పేశాను. ఆ మరుసటి గురువారం ఆమె రాలేదు. ఆ పైది కూడా రాలేదు. పాల రైతులు అక్కడికే వెళ్లారు, పోస్టు వ్యాను వెళ్లింది, చర్చి ఫాదరు గారు కూడా వెళ్లారు. వాళ్లెవరు పోయినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు. కావున ఇది వ్యాపారపు ఈర్ష్య అని తమరు పొరబడకూడదని ప్రార్థన.

4. సూపర్‌మార్కెట్ పంపుల దగ్గర డబ్బు తీసుకునే గదిలో డారెన్ అనే మనిషి ఉన్నాడు. వయసు యాభై పైన. జుట్టు ఒత్తుగా ఉన్నది. వాస్తవాలు సేకరించవలెనని నేను వరుసగా మూడు గురువారాలు మా గ్యారేజీ మూసి, ఆ కారు పార్కింగులో ఒక మూల కూర్చుని, మాంసం కూరిన సాసేజ్ రోల్ తింటూ పేపరు చాటున గమనించాను. మొదటి గురువారం చూస్తే, ఇన్ని వారాలైనా ఆమెకు నాలుగో నంబరు పంపు దగ్గర ట్యాంకు మూత తీయడం కూడా రాలేదు. ఎలా వస్తుంది? పదకొండేళ్లు నేనే తీశాను. ఆ డారెన్ గది వదిలి పరుగున వచ్చాడు.

"ఆగు బంగారం, ఆగు. ముందు ఈ గ్లవుజులు తొడుక్కో. చేతులకి వాసనొస్తుంది. ఇలా పట్టుకో, ఇప్పుడు నొక్కు. చూశావా, ఎంత తేలికో!"

ఆమె నవ్వింది. నా పంపు దగ్గర వానల గురించి మాట్లాడినప్పుడు ఆమె ఇంత గట్టిగా ఎన్నడూ నవ్వలేదు. అయ్యా, ప్లాస్టిక్ గ్లవుజులు పంచి పరాయి ఖాతాదారులను "బంగారం" అని పిలిచి ఇంధనం అమ్ముట ఏ నిబంధన కింద అనుమతించబడినదో తమరు తెలుపగలరు. అతడు అందరినీ అలాగే పిలుస్తాడని తర్వాత తెలిసింది. నేను సాసేజ్ రోల్ కొనబోతే నన్ను కూడా "ఆవాల సాసు కావాలా బంగారం?" అన్నాడు. అయినా నా అభ్యంతరం అలాగే ఉన్నది.

5. ప్రతి ఏటా నవంబరు అయిదున ఊరూరా మంటలు వేసి బాణసంచా కాల్చే రాత్రికి ఆమె అల్లం కేకు చేస్తారు. నీలం రేకు డబ్బాలో పెట్టి ఆ వారపు గురువారం నాకు ఇచ్చేవారు. నేను డబ్బా కడిగి మరుసటి వారం తిరిగి ఇచ్చేవాడిని. ఈ ఏడు నవంబరు ఆరో తేదీన ఆ నీలం డబ్బా డారెన్ కౌంటరు మీద, రశీదుల యంత్రం పక్కన, మూత తీసి ఉన్నది. నా కళ్లతో చూశాను. లోపల సగం కేకే మిగిలింది.

ఇది అర్జీలో రాయదగిన మాటో కాదో నాకు తెలియదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి అన్నం, అంటే ఆలుగడ్డలూ మాంసమూ, ముట్టలేదు. ఒక కేకు ముక్క కోసం అరవై మూడేళ్ల మనిషి ఇలా అయిపోతాడని నాకే తెలియదు.

6. ఇక సాక్ష్యము. కిందటి గురువారం, నవంబరు పదమూడున, పేపరు చాటున ఉండగా నా కారు అద్దం మీద ఎవరో తట్టారు. ఫాసెట్ గారు.

"ఏంటి మెట్‌కాఫ్ గారూ, దారి తప్పారా?"

"సరుకులకి వచ్చానండీ."

"కారు దిగకుండానే సరుకులా? నేను చూడటం ఇది మూడోసారి, ఇదే మూల. ఇంకో వారం ఆగితే ఇక్కడ మీ పేరు రాసి గీత గీస్తారు."

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఏదో ఒకటి అడగాలని, "వ్యాను ఎలా ఉందండీ?" అన్నాను.

"ఏం బాగు? నారింజ రంగు దీపమొకటి వెలిగి ఆరట్లేదు. కాస్త ఎత్తు కనిపిస్తే చాలు, ఆయాసపడిపోతోంది."

"ఎప్పట్నుంచి?"

"మీ దగ్గరికి రావడం మానేసిన నెలకి."

ఆ మాట విని నాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే సిగ్గుచేటు. పొరుగువాడి ఇల్లు కాలుతుంటే చలి కాచుకున్నట్టు ఉంది నా పని. "ఒకసారి తీసుకురండి, చూస్తాను" అన్నాను. "చూద్దాంలెండి" అని ఆమె వెళ్లిపోయారు. కానీ సాక్ష్యం దొరికింది కదా! నా పంపు వదిలింది, నెల తిరక్కుండా బండి మూలబడింది. దోషం డీజిల్‌ది కాకపోతే మరి దేనిది?

7. వెంటనే నాలుగో నంబరు పంపులో ఒక నల్ల డబ్బా నిండా డీజిల్ కొని తెచ్చాను. మార్మలేడ్ జాము సీసా ఒకదానిలో వారిది, ఇంకొక దానిలో నాది పోసి, పేర్లు రాసి అంటించి, కిటికీలో పెట్టి ఆరు రోజులు పరిశీలించాను. రంగులో, వాసనలో, చిక్కదనంలో ఏమియు తేడా కనిపించలేదు. ఈలోగా సీసాల మీద డీజిల్ కారి రాసిన పేర్లు చెరిగిపోయాయి. ఇప్పుడు ఏది నాదో ఏది వారిదో నాకే తెలియకున్నది. రెండు సీసాలూ దీనితో జతపరుస్తున్నాను. తమరే తేల్చవలెను.

నాకు డీజిల్ తెచ్చే ట్యాంకరు డ్రైవరు జెఫ్‌ను కూడా విచారించాను. అతని వాఙ్మూలము ఇది: "నీకు మతి పోయిందా కీత్? పొద్దున వాళ్లకి పోసిందీ, ఇప్పుడు నీకు పోస్తున్నదీ ఒకే డిపో సరుకు. ఈ పైపుతోనే పోశాను. ఆడలేక మద్దెల ఓడు అనకు." ఇతడు రెండు పక్షముల వద్దా టీ తాగేవాడు గనుక ఇతని మాట నమ్మదగినది కాదు.

కావున తమరు దయతలచి నాలుగో నంబరు పంపును తనిఖీ చేసి, ఆ డీజిల్ రోజూ తిరిగే బండ్లకు, ముఖ్యంగా చిన్న వ్యానులకు, అందునా జుట్టు కత్తిరించేవారి వ్యానులకు హానికరమని ధ్రువపత్రము జారీ చేసి, దాని నకలు ఒకటి ఫాసెట్ గారికి పంపవలసినదిగా వేడుకొనుచున్నాను. డారెన్‌ను వేరే ఊరికి బదిలీ చేయించు అధికారము తమకు ఉన్న పక్షమున అది కూడా ఆలోచించగలరు.

ఈ గోడు తమరు తప్ప వినేవారు లేరని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కీత్ మెట్‌కాఫ్

జతపరచినవి: సీసాలు 2 (గట్టిగా మూత పెట్టబడినవి).

తా.క. గురువారం, నవంబరు 20, సాయంత్రం.

అయ్యా,

దీనిని కవరులో పెట్టి అతికించబోతుండగా, మూడు గంటలకు, ఫాసెట్ గారి వ్యాను రొప్పుతూ కొండ ఎక్కి వచ్చింది. షెడ్డులోకి తీసుకుని యంత్రం తగిలించి చూశాను. డీజిల్‌లో ఏ దోషమూ లేదు. పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టరు మూసుకుపోయింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, దీపం అన్న మాట వినగానే నాకు తట్టవలసిన సంగతి అది. కళ్లకు కుళ్లు కమ్మింది.

"ఇంజను బాగా వేడెక్కి, ఇరవై నిమిషాలైనా జోరుగా పరుగెడితేనే ఆ మసి కాలిపోతుందండీ. మీవన్నీ ఈ వీధి నుంచి ఆ వీధికి. రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే అది కాలదు, పేరుకుపోతుంది."

"పదకొండేళ్లూ అవే వీధులు కదా. మరి ఇన్నాళ్లూ ఎందుకు పేరుకోలేదు?"

"వారానికోసారి తొమ్మిది మైళ్లు కొండ ఎక్కేవారు కదా. ఆ ఎత్తు ఎక్కడంతోనే కాలిపోయేది. ఇవాళ కూడా సగం కాలింది, ఇంకాస్త పరుగు చాలు." అంతవరకూ చెప్పాక నా నోట్లోంచి ఆ ప్రశ్న వచ్చింది. "అవునూ, మీకు ఇటువైపు ఏం పనండీ?"

ఆమె నా వైపు తిరిగారు.

"ఇటువైపు నాకేం పనుంటుంది మెట్‌కాఫ్ గారూ? గొర్రెలకి జుట్టు సెట్ చేస్తానా?"

నా చేతిలో తుడిచే గుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టాను. మళ్లీ విప్పాను.

"పదకొండేళ్లు వచ్చాను. ఇక ఉండబట్టలేక ఆ రోజు అడిగాను, అక్కడ కొట్టించుకోనా అని. వద్దు, ఇక్కడికే రండి అని ఒక్క ముక్క అంటారేమోనని. మీరేమో ప్రమాణాలు, కడిగే మందు అని పాఠం చెప్పారు."

"అది నిజమే కదండీ."

"నిజమే. నేను అడిగింది డీజిల్ గురించా?"

అప్పుడు నేను చేసిన పని చూడండి. ఇంత జరిగాక కూడా, "మరి ఆ అల్లం కేకు?" అని అడిగాను.

"మీకే చేశాను. డబ్బా పట్టుకుని వ్యానులో కూర్చున్నాను కూడా. పిలవని ఇంటికి ఏ మొహం పెట్టుకుని రాను? డీజిల్ కొట్టించుకున్నాక ఆ డబ్బు కట్టే కిటికీలో పెట్టి, వచ్చినవాళ్లందరికీ పంచమన్నాను."

ఇంకాస్త పరుగు కావాలి గనుక జలాశయం గేటు వరకు వ్యాను నేను నడిపాను, ఆమె పక్కన కూర్చున్నారు. మూడో గేరులో ఇంజను దారంతా అరిచింది. గేటు కనపడే మలుపు దగ్గర నారింజ దీపం ఆరిపోయింది. గేటు దగ్గర ఆపాక, "వచ్చే గురువారం కూడా రండి" అన్నాను. ఈ మాటకు నాకు పదకొండేళ్లు పట్టింది.

"డీజిల్ మాత్రం అక్కడే కొట్టించుకుంటాను, చవక" అన్నారామె. "మీ దగ్గర టీ ఉంటుందా?"

ఉంటుందని చెప్పాను.

కావున నా ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నాను. నంబరు ఇచ్చేశారు గనుక కాగితం పంపక తప్పడం లేదు. సదరు సూపర్‌మార్కెట్ డీజిల్ రోజూ తిరిగే బండ్లకు భేషుగ్గా పనికి వస్తుంది. ఇది ముప్పై ఎనిమిదేళ్ల అనుభవంతో చెప్పుచున్నాను. ఎవరు అడిగినా తమరు కూడా ఇదే చెప్పగలరు. సీసాలు పారబోయవచ్చును.

నాలుగో అంశము మాత్రం ఉపసంహరించుకొనుట లేదు. డారెన్ గురించి విచారణ కొనసాగించ ప్రార్థన.

అందుకై నా వాఙ్మూలము తీసుకొనుటకు ఎవరినైనా పంపదలచినచో, గురువారం తప్ప ఏ రోజైనా పంపగలరు.

కీత్