టేకు మంచానికి చెదలు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ మంచానికి చెదలు పట్టాయి. బోనస్ రాగానే సాక్చి బజార్లో కొని, రిక్షా మీద ఎక్కించి, వెనకాలే నడిచొస్తూ మన భాలుబాసా పేట అంతటికీ చెప్పావే, "బర్మా టేకు, చెద దీని జోలికే రాదు" అని! అదే మంచం.

నేను తీసుకొచ్చిన ఒడియా వడ్రంగి మంచంకోడు గోటితో గీకి, వాసన చూసి, అక్కతో "సాగ్వాన్ నహీ దీదీ, ఆమ్ హై" అన్నాడు. మామిడి కర్రకు టేకు రంగు పూసి నీకు అంటగట్టారట. నాకు నవ్వు ఆగలేదు. అక్కకు మాత్రం కోపం వచ్చింది.

"మీ బావ అబద్దమాడే మనిషేట్రా? ఇది టేకే. ఈ చెదలకే తెల్దు."

"పొయ్యిలో పెట్టేసి కొత్తది కొందామక్కా" అన్నాను.

"నోర్ముయ్. ఆయన కొన్న మంచం పొయ్యిలో ఎడతావేటి?"

చెద తిన్న కోళ్లు నాలుగూ తీయించేసి, అసలైన టేకుతో కొత్తవి చేయించి బిగింపించింది. మధ్యాహ్నం దాని మీదే హాయిగా నిద్రపోయింది.

నీ మాట ఇప్పుడు కోళ్ల వరకూ నిజమే బావా.