పాస్టరు గారి ఒంటిమీది నలుపు

చిరంజీవి లేథూకు,

మీ చిన్నమ్మమ్మకు మతి పోయిందని రాశావు. పోలేదు. యాభై ఎనిమిదేళ్ళకు పెళ్ళి కుదిరింది. రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ వేరు.

పెళ్ళికొడుకు మన శరణార్థి శిబిరంలో ఇళ్ళకు ఆకుకప్పు వేసే మూనే. మా కప్పుకు వారానికో చిల్లు పడేది, అదీ సరిగ్గా మా చెల్లెలి చాప మీదికే.

"ఏమయ్యా, ఈ చిల్లులు నువ్వే పెడుతున్నావా?" అన్నాను.

"వాన పెడుతోందక్కా."

"ఎండాకాలంలో కూడానా?"

లోపలినుంచి మా చెల్లెలు, "పోనీలే అక్కా, బాగుచేస్తున్నాడుగా!" అంది. సంగతి అప్పుడర్థమైంది.

చిక్కల్లా రవికెతోనే. పెళ్ళికాని పిల్లగా ఇన్నేళ్ళూ తెల్లని పొడుగు అంగీయే తొడిగింది. పెళ్ళయిన ఆడవాళ్ళు తొడిగే నల్లరవికె పెళ్ళినాడు లేకపోతే పెళ్ళే వద్దంటోంది. న్యాయమే. బర్మా వదిలి శిబిరంలో ఉన్నంత మాత్రాన కరెన్ జాతివాళ్ళం కాకుండా పోతామా? అందుకే దానంగా వచ్చిన స్వెటర్లు విప్పి ఆడవాళ్ళమంతా దారం తీస్తున్నాం. ఎరుపు ఉంది, చిలకపచ్చ కూడా ఉంది. నల్లది ఒక్కటే వచ్చింది, అది పాస్టరు గారి ఒంటిమీద ఉంది. "బదులు ఇంకోటి తెస్తే ఇస్తాను, లేకపోతే చలికి చస్తాను" అంటున్నారు. ఆయన చస్తే పెళ్ళి చేసేవాళ్ళుండరు.

కాబట్టి సంతలో పాతబట్టల గుట్ట వెతికి ఒక స్వెటరు కొను. ఏ రంగైనా సరే, పొట్ట దగ్గర నీలాంటివాళ్ళు ఇద్దరు పట్టాలి. నల్లదే దొరికితే పాస్టరు గారిని విప్పించే పని తప్పుతుంది. పెళ్ళి శనివారం, నేయడానికి మాకు వ్యవధి కావాలి. మంగళవారమే శిబిరానికొచ్చే బియ్యం లారీ డ్రైవరు చేతికిచ్చి, దారిలో తొడుక్కోవద్దని గట్టిగా చెప్పు. వాడికీ చలే.

మీ అమ్మమ్మ