ఒంటిచెప్పు మరణించిన పదహారు పేజీలను తిరిగి కుట్టుట గురించి

గౌరవనీయులైన గ్రంథాలయాధికారి గారి సముఖమునకు,
కింది అంతస్తు బైండింగు గది నుండి బైండరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చారిత్రక సాహస నవల ఆరవ సంపుటంలో 321 మొదలు 336 వరకు గల పేజీలను తిరిగి కుట్టుటకు గడువు కోరుట, లేదా అసలు కుట్టకుండుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: తమరి మెమో, ఈ నెల నాలుగవ తేదీ.

1. తమరి మెమో అందినది. సదరు పేజీలు బైండింగు గదిలో పోయినవనియు, ఏడు రోజులలోగా వాటిని యథాస్థానమున కుట్టి పుస్తకమును తమరి బల్ల మీద ఉంచని యెడల తగు చర్య తీసుకొనబడుననియు సెలవిచ్చియున్నారు. పేజీలు పోలేదు. నా సొరుగులో, పెద్ద కత్తెర కింద, పాత క్యాలెండరు కాగితంలో చుట్టి భద్రంగా ఉన్నాయి. పోయినవి అన్న మాట ఒక్కటి దయచేసి మెమోలో కొట్టివేయించగలరు. ఇరవై ఆరేళ్లలో ఈ గదిలో చిత్తుకాగితం కూడా పోలేదు.

2. ఒంటిచెప్పు ఎవరో తమరికి నేను చెప్పనక్కర లేదు. అయినను దస్త్రం కోసం మనవి చేస్తున్నాను. తొమ్మిది సంపుటాల సదరు నవలలో కథానాయకుడు యువరాజు. యువరాజు సైన్యం వెనకాల మూటలు మోసే కంచరగాడిదలను తోలేవాడు ఒకడున్నాడు. మొదటి సంపుటంలో ఏరు దాటుతూ, కొట్టుకుపోతున్న గాడిదను లాగబోయి ఒక చెప్పు పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి అతడు ఒంటిచెప్పు. మూడో సంపుటంలో మంచు కురిసిన రోజున తన కంబళి తీసి గాడిదకు కప్పాడు. నాలుగో సంపుటంలో యువరాజు కొత్త చెప్పుల జత బహుమానం ఇస్తే ఒకటి తొడుక్కుని, రెండోది ఇది అరిగాక పనికొస్తుందని మూటలో దాచాడు. ప్రతి పేజీలోనూ సణుగుతాడు. ఒక్క పేజీలోనూ పని మానడు. మన పాఠకులలో యువరాజు పేరు అడిగితే తడుముకునేవాళ్లున్నారు గానీ ఒంటిచెప్పును తెలియనివాళ్లు లేరు.

3. ఇక నేరము జరిగిన విధము. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడతపెడితే ఒక ఫారం. ఫారాలను వరుసగా పేర్చి వెన్ను దగ్గర కుట్టినదే పుస్తకం. రెండేళ్ల కిందట ఆరవ సంపుటం నా దగ్గరకు పుస్తకంగా రాలేదు, మూటగా వచ్చింది. అట్ట ఊడిపోయింది, వెన్ను విరిగింది. విప్పి, పాత బంక గీకి, ఫారాలు బల్ల మీద పరిచాను. కిటికీ గడియ లేనందున గాలి కొట్టి ఇరవై ఒకటో ఫారం బీరువా కిందికి ఎగిరిపోయినది. (గడియ గురించి ఇదివరకే మూడు అర్జీలు పెట్టుకొనియున్నాను.) నేను చూసుకోక ఇరవై తర్వాత ఇరవై రెండు పెట్టి కుట్టేసి, అట్ట వేసి, పుస్తకాలు ఒత్తే మరలో బిగించాను. మూడో నాడు ఊడుస్తుంటే చీపురుకు తగిలింది.

4. అప్పుడే విప్పి కుట్టవలసింది. విప్పేముందు అతుకు ఎలా ఉందోనని తెరిచి చూశాను. 320వ పేజీ ఆఖరు పంక్తి: "ఒంటిచెప్పు కంచరగాడిద చెవిలో ఏదో చెప్పి". ఎదురుగా 337వ పేజీ మొదటి పంక్తి: "కంబళి కప్పుకుని హాయిగా నిద్రపోయాడు." నిజానికి నిద్రపోయినవాడు యువరాజు, ఎక్కడో దూరాన కోటలో. ఒంటిచెప్పు ఆ నడుమ పదహారు పేజీలలో గాడిదలన్నిటినీ అవతలి ఒడ్డుకు తోలి, శత్రువులు రాకుండా తాళ్ల వంతెన మధ్య నిలబడి, తాను నిలబడ్డ తాడే కోసుకుంటాడు. అయ్యా, ఇరవై ఆరేళ్లుగా వెన్నులు అతుకుతున్నాను. ఇంత చక్కని అతుకు నా చేతులతో నేను ఏనాడూ వేయలేదు. విప్పడానికి చేతులు రాలేదు. కాబట్టి మొదటి మూడు రోజులూ పొరపాటు, తర్వాత రెండేళ్లూ తెలిసి చేసినది అని ఒప్పుకొనుచున్నాను.

5. ఈ రెండేళ్లలో పుస్తకం చదివినవారెవ్వరూ ఫిర్యాదు చేయలేదు. రిటైరైన రైలు గార్డు గారు మాత్రం ఏడో సంపుటం తిరగేసి నా గదికి వచ్చి, ఒంటిచెప్పు కనబడడేమని నిలదీశారు. సెలవు మీద వెళ్లి ఉంటాడన్నాను. మూడు సంపుటాల సెలవు ఎవరు మంజూరు చేశారని అడిగారు. యువరాజే అన్నాను. ఆ యువరాజు మీద మొట్టమొదటిసారి గౌరవం కలిగిందని చెప్పి వెళ్లిపోయారు. ఏడో సంపుటంలో యువరాజు కొండ అంచున కూర్చుని ఏడుస్తాడు కదా, దాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఆ అబ్బాయి మొదటి సంపుటం నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు.

6. ఈ అంశమును వ్రాసి కొట్టివేసితిని. కిటికీ గడియ గురించి.

7. ముప్పై ఎనిమిది వేల పుస్తకాలు గల ఈ భవనంలో సరిగ్గా ఆ పదహారు పేజీలు లేవని తమరికి ఎట్లు తెలిసినదో అడిగే హోదా నాకు లేదు. అయితే తమరి మెమోలో "వంతెన నడుమ ఒంటిచెప్పు చూపిన అసమాన త్యాగము గల భాగము" అని ఉన్నది. అసమాన అను మాటను మెమోలో చూడడం నాకు ఇదే ప్రథమం. కౌంటరు గుమాస్తాను రిజిస్టరు అడిగి చూడగా ఆరవ సంపుటం గత నెల తమరి పేరున ఉన్నది. నేను విప్పి కుట్టకముందు కూడా తమరి పేరునే మూడుసార్లు ఉన్నది. ఇంకొక సంగతి. నా సొరుగులోని ఫారంలో 331వ పేజీ ఒక్కటే ఉబ్బి, అలలు తేలి ఉన్నది. తడిసి ఆరిన కాగితం అలా ఉబ్బుతుంది. పుస్తకమంతా పొడిగా ఉండగా ఒక్క పేజీ మీదే వాన కురవదు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పబోను. ఒంటిచెప్పు అంటే ఏమిటో తెలిసిన అధికారికి వ్రాసుకుంటున్నానన్న ధైర్యం కొద్దీ మాత్రమే మనవి చేశాను.

8. ఇక అసలు సంగతి. సదరు ఆరవ సంపుటం ఇప్పుడు నా దగ్గర లేదు. తమరి మెమో కిందికి దిగివచ్చే లోపునే మా అక్క తన కార్డు మీద మళ్లీ తీసుకుపోయింది; నాలుగు నెలలుగా గడువు తీరినప్పుడల్లా తిరిగిచ్చి, మళ్లీ తీసుకుని చదువుతోంది, గత నెల ఆ నడుమనే అది తమరి చేతికి వచ్చింది.

మా అక్క దర్జీ దుకాణంలో కాజాలు కుట్టి, గుండీలు వేస్తుంది. మా అమ్మానాన్నలు పోయాక నన్ను బడికి పంపింది ఆ సూదే. తను మాత్రం బడి గడప తొక్కలేదు. సాయంత్రాలు నేను పుస్తకం చదివి వినిపిస్తుంటే గుండీలు వేస్తూ వినేది. ఆరేళ్ల కిందట ఈ నవల మొదలుపెట్టాను. ఒంటిచెప్పును శత్రువులు చెట్టుకు కట్టేసి పోయిన చోట నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు మాట లేదు. అక్క రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజున పుస్తకం నా ముందు పెట్టి, ఇందులో ఒంటిచెప్పు అని ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. అలా మా అక్కకు మొట్టమొదట వచ్చిన అక్షరం అ కాదు, ఒ. అప్పటికి ఆమె వయసు నలభై ఎనిమిది.

ఇప్పుడు రోజుకు మూడు పేజీలు చదువుతుంది. ముందు పేజీ అంతా వేలితో వెతికి ఒంటిచెప్పు ఉన్నాడో లేడో చూసుకుంటుంది. లేకపోతే విసుక్కుంటూ చదువుతుంది. యువరాజు సంగతి కూడా పట్టించుకోవాలి కదా అని ఒకసారి అన్నాను. "వాడికేంరా, చూసుకునేవాళ్లు వెయ్యిమంది ఉన్నారు. వీడికెవరున్నారు?" అంది.

ఇప్పుడు 290వ పేజీలో ఉంది. తమరు చెప్పినట్టు ఆ ఫారం కుట్టేస్తే పట్టుమని పదిహేను రోజులు కూడా కాకుండానే వాడు ఆమె చేతుల్లో పోతాడు. వాడు పోతే పుస్తకం మూస్తుంది. మూస్తే ఇంకొకటి తెరవదు. మా అక్క సంగతి నాకు తెలుసు, మనసు విరిగితే అతికే బంక లేదు. నాకు చదువు చెప్పించిన మనిషికి నేను తిరిగి ఇచ్చినది ఈ ఆరేళ్ల చదువొక్కటే. దాన్ని నా సూదితో నేనే తెంపలేను. అధికారి గారూ, నా వల్ల కాదు.

9. పై కారణముల చేత ప్రార్థించునది ఏమనగా:

(అ) మా అక్క తొమ్మిదో సంపుటం పూర్తి చేయువరకు, అనగా రోజుకు మూడు పేజీల లెక్కన సుమారు నాలుగు వందల రోజులు, గడువు దయచేయవలెను.

(ఆ) అది వీలుకాని పక్షంలో సదరు ఫారమును పుస్తకం ఆఖరున, సమాప్తం అన్న మాట తర్వాత కుట్టుటకు అనుమతించవలెను. అక్కడిదాకా వెళ్లినవాళ్లు తెలిసే వెళ్తారు.

(ఇ) అదియు కాని పక్షంలో తగు చర్య ఏదో నా మీద తీసుకొని, పుస్తకం జోలికి పోకుండవలెను.

పనిలో ఉన్నవారు కనుక తీరిక చూసుకొని, 331వ పేజీని ఒకసారి తలచుకొని, ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బైండరు,
బైండింగు గది (గడియ లేని కిటికీ పక్కన)

తాజా కలం: తమరు క్యాంపుకు వెళ్లినందున ఈ అర్జీ నాలుగు రోజులు నా జేబులోనే ఉండిపోయినది. ఈలోగా నా లెక్క తప్పినది. 290 దాటాక ప్రతి పేజీలోనూ ఒంటిచెప్పే ఉన్నాడని, అందుచేత అక్క రోజుకు ఎనిమిది పేజీలు చదువుతుందని నేను ఊహించలేదు.

నిన్న మధ్యాహ్నం ఆమె దుకాణం నుంచి తిన్నగా నా గదికి వచ్చింది. ఇరవై ఆరేళ్లలో రావడం అదే మొదలు. పైట అంచుకు గుచ్చిన సూది కూడా తీయలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, 337వ పేజీ మొదటి పంక్తి మీద వేలు ఉంచింది.

"వాడికి కంబళి ఎక్కడిదిరా? మూడో పుస్తకంలోనే గాడిదకు కప్పేశాడుగా," అంది.

అయ్యా, రెండేళ్లలో ఈ పుస్తకం ఎంతమందో చదివారు. గార్డు గారు రెండుసార్లు చదివారు. ఎవ్వరికీ దొరకలేదు. నాకే తోచలేదు.

"గాడిద నిలబడి ఉండగా వాడెప్పుడైనా పడుకున్నాడా? ఇది వాడు కాదు. వాడేమయ్యాడో చెప్పు," అంది.

సొరుగు తెరిచి ఫారం ఇచ్చాను. బంక డబ్బా పక్కన స్టూలు మీద కూర్చుని పదహారు పేజీలూ వేలు పెట్టుకుని చదివింది. గది మూసే వేళ దాకా పట్టింది. నేను బల్ల తుడిచాను, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాను. 331 దగ్గర ఆగింది. ఉబ్బిన చోట బొటనవేలితో రాసి, ఇక్కడ ఎవరో ఏడ్చారంది. మాట ఇచ్చి తప్పినందుకు క్షమించగలరు, మా ఆఫీసరు గారని చెప్పేశాను. మంచాయన అంది. తర్వాత ఆమె కూడా ఏడ్చింది. ఇప్పుడు 333 కూడా ఉబ్బి ఉన్నది, గమనించగలరు.

ఇక పుస్తకం మూసేస్తుందనే అనుకున్నాను. ఆమె ముక్కు తుడుచుకుని నా బల్ల మీది సూది తీసుకుంది.

"నువ్వు నా మీద ప్రేమతోనే చేశావులే. కానీ నిద్రపోయాడని చెప్తే ఎలారా? వాడు వంతెన మీద ఒక్కడూ అంతసేపు నిలబడ్డాడు కదా. అది ఎవరూ చూడకుండా పోదూ?" అంది.

కుట్టు నేను విప్పాను. ఫారం ఆమే పెట్టి, ఆమే కుట్టింది. కాజా కుట్టు బైండింగు పద్ధతి కాదని నేను చెప్పలేదు, చెప్పినా వినేది కాదు. కనుక పై అర్జీని ఉపసంహరించుకొనడమైనది. పుస్తకం సంపూర్ణంగా, గడువులోగానే తమరి బల్ల మీద ఉన్నది. వెన్ను పరీక్షించినచో రెండు రకాల కుట్లు కనిపించును.

ఏడో సంపుటం తెచ్చిపెట్టనా అని అడిగితే, దానికి తొందరేముంది, ముందు మొదటిది కావాలంది. చదివిందే కదా అన్నాను.

"అందులో వాడికింకా రెండు చెప్పులూ ఉన్నాయిరా," అంది.

ఈ ఉదయం కౌంటరుకు వెళ్లి అడిగాను. మొదటి సంపుటం ఈ నెల నాలుగో తేదీ నుంచి, అంటే మెమో వ్రాసిన నాటి నుంచి, తమరి పేరున ఉన్నదట. క్యాంపుకు కూడా వెంట తీసుకువెళ్లారని గుమాస్తా చెప్పాడు. తొందర చేయడం లేదు. తమరు ఏరు దగ్గరికి వచ్చారో లేదో ఒక ముక్క వ్రాసి పంపితే చాలు, అందాకా ఆగుతానని మా అక్క చెప్పమంది.