పాత చీటీ

14 జూన్ 2020, ఆదివారం

హిమశ్రీ కళ్ళు మళ్ళీ చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి. ఐదో క్లాసు పాఠాలన్నీ ఫోన్లోనే, పైగా ఒకటే నలుపుడు. కంటి డాక్టర్ క్లినిక్‌కు లాక్‌డౌన్ నుంచి తాళం. జనవరిలో ఆయన రాసిచ్చిన చీటీ నా దగ్గర భద్రంగా ఉంది. ఫొటో తీసి మెడికల్ షాపుకు వాట్సాప్ చేశాను. అరగంటలో చుక్కల మందు గుమ్మంలోకి వచ్చింది. సాయంత్రానికి కళ్ళు తెల్లబడ్డాయి. మా ఆయన నన్ను డాక్టరమ్మా అని ఆటపట్టిస్తున్నాడు.

చీటీలో ఏడు రోజులే రాసి ఉంది. ఒక్క పూటకే ఇంత తగ్గితే నెల వేస్తే మళ్ళీ రానే రాదు కదా.

కింది అంతస్తు ఐలమ్మత్త చీరలకు రాళ్ళు అతికిస్తుంది. జిగురు వాసనకు ఆమె కళ్ళూ దురదే. ఆమెకూ ఒక సీసా తెప్పించాను.

3 సెప్టెంబర్

ఐదో సీసా. ఐలమ్మత్తకూ ఇంకొకటి. షాపతను ఇప్పుడు చీటీ కూడా అడగడం లేదు.

22 నవంబర్, ఆదివారం

ట్యూబ్‌లైట్ చుట్టూ రంగుల రింగులు కనిపిస్తున్నాయంది హిమశ్రీ. అదృష్టవంతురాలివే, మాకు దోమలే కనిపిస్తాయి అన్నాను. తర్వాత గడప తన్నుకుని పడింది. చూసి నడవమని తిట్టాను.

9 ఫిబ్రవరి 2021, మంగళవారం

హిమశ్రీ అక్షరాలు మసగ్గా ఉన్నాయంటే అద్దాలకని బస్సులో వరాఛా పేట కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఈ పరాయి రాష్ట్రంలో డాక్టర్ విజేత తెలుగమ్మాయే. కంట్లో ప్రెషర్ చూసింది. మళ్ళీ చూసింది. ఇరవై ఒకటి దాటకూడదట. కుడి 38, ఎడమ 41.

ఏ మందు వేస్తున్నారని అడిగింది. గర్వంగా పర్సులోంచి సీసా తీసిచ్చాను.

అది స్టెరాయిడ్. దురద ఇట్టే తగ్గిస్తుంది. నెలల తరబడి వేస్తే కొందరికి కంట్లో ప్రెషర్ పెంచుతుంది, ఆ ప్రెషర్ చూపు నరాన్ని తినేస్తుంది. గ్లకోమా. ముసలివాళ్ళ జబ్బనుకున్నాను నేను. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలి అంది.

నా చేత్తోనే వేశాను. రోజుకు నాలుగుసార్లు. ఏడిస్తే నోట్లో చక్కెర పోసి మరీ.

10 ఫిబ్రవరి

అదే చెయ్యి, ఇప్పుడు వేరే చుక్కలు. ఉదయం ఏడుకు, సాయంత్రం ఏడుకు. దురదకు చన్నీళ్ళ గుడ్డ. కూర్చోలేను, నిలబడలేను. గిన్నెలు కడిగినవే మళ్ళీ కడుగుతున్నాను.

మెట్ల మీద ఐలమ్మత్త ఎదురై పాపకేమైందని అడిగింది. అద్దాలు వస్తాయన్నారు, అంతే అన్నాను. ఆమె కళ్ళు తెల్లగా ఉన్నాయి, నేనిచ్చిన చుక్కలు వేస్తూనే ఉంది.

2 మార్చి

ప్రెషర్ 29, 31. తగ్గింది, చాలదు.

చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్ చేశారు. గిన్నెలాంటి మెషీన్‌లో ముఖం పెట్టి మధ్య చుక్కనే చూడాలి, పక్కన ఎక్కడ లైటు మెరిసినా బటన్ నొక్కాలి. ఆవిరి పట్టకుండా మాస్క్ పై అంచుకు టేపు వేశారు. నేను వెనక స్టూల్ మీద ఉన్నాను. పిల్ల టకటకా నొక్కుతూనే ఉంది. నొక్కినప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపు ఆగలేదు.

డాక్టర్‌కు మాత్రం రిపోర్టు నచ్చలేదు. లైటు వేయనప్పుడు కూడా నొక్కిందట. ఎంత చూపు పోయిందో తేలకుండా ఆపరేషన్ సంగతి చెప్పలేను, వచ్చే నెల మళ్ళీ చేద్దాం అంది.

18 ఏప్రిల్

కరోనా మళ్ళీ ముదిరింది. ఆసుపత్రిలో ఓపీడీ బంద్, మామూలు రోగులను చూడరట. ఫోన్ చేస్తే చుక్కలు మానొద్దన్నారు. రోడ్డు మీద అంబులెన్సులే. పిల్లకు నొప్పి లేదు, ఎరుపు లేదు. లోపల ఏమవుతోందో ఎలా తెలిసేది?

5 మే

కొత్త సీసా కోసం ఐలమ్మత్త తలుపు కొట్టింది. షాపులో స్టాక్ లేదన్నాను. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గేసింది.

22 జూన్, మంగళవారం

ఈసారి డాక్టర్ నన్ను బయట కూర్చోబెట్టింది. తలుపు అవతల బటన్ చప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఒక్కోసారి ఎంతసేపటికీ రాలేదు. నొక్కవే తల్లీ అని గొణుక్కుంటూ వరండా కొలిచాను.

కాగితం మీద ఎడమ కంటి కింది భాగమంతా నలుపు, చూపు పోయిన మేర. కుడి కన్ను చాలావరకు బాగుంది. ఈ టెస్ట్ నమ్మొచ్చు, వచ్చే వారం ఎడమ కంటికి ఆపరేషన్ చేద్దాం, మిగిలింది నిలుపుకుందాం అంది డాక్టర్.

బస్సులో హిమశ్రీ నా చెవిలో చెప్పింది:

"మమ్మీ, పోయినసారి నువ్వు ఎనక కూసొని ఏడుస్తున్నవ్ కదా. గందుకే కనిపియ్యకున్నా నొక్కిన."

పదకొండేళ్ళ పిల్ల నా కోసం అబద్ధమాడింది. మరి నేను ఎవరి కోసం ఆడుతున్నాను?

అదే రోజు, సాయంత్రం 6:30

ఐలమ్మత్తకు అంతా చెప్పేశాను. ఆమె తలుపు వేసి గడియ పెట్టుకుంది.

23 జూన్, ఉదయం 6:00

తలుపు చప్పుడు. ఐలమ్మత్త. కాళ్ళకు చెప్పులు, ముఖానికి మాస్కు, చేతి కవర్‌లో నేనిచ్చిన సీసాలన్నీ. వరాఛా బస్సు ఎన్నింటికని అడిగింది.