మొక్కు పుంజు మీద గంప వేయకు

బావా, తలుపు తీసే ముందు ఇది చదువు.

పాపకు మళ్లీ జ్వరం వచ్చింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతున్నాను. పప్పు, అన్నం పొయ్యి పక్కన ఉన్నాయి.

టీవీలో కోళ్ల జబ్బు అని చెప్పినప్పటి నుంచి పంచాయతీవాళ్లు బయట తిరిగే కోడినల్లా పట్టుకుపోతున్నారు కదా. ఈరోజు పంచాయతీ పనులు చూసే కారోబారు సమ్మయ్యన్న మన పెరడు చూడడానికి వస్తాడు. కోళ్లన్నింటినీ గంపల కింద మూశాను. పాప పేరున ముత్యాలమ్మకు మొక్కిన ఎర్ర పుంజును మాత్రం మూయలేదు. మొక్కిన కోడిని మూయకూడదని నీకూ తెలుసు. అందుకే నడింట్లో వదిలాను. కాలు అడ్డం పెట్టి తలుపు తియ్యి, బయటికి ఉరుకుతుంది.

పొద్దున సమ్మయ్యన్నకు చెప్పాను. "ఇంట్ల కోడేంది స్వరూపా?" అని నవ్విండు. "బజార్ల తిరగొద్దన్నవ్ గానీ ఇంట్ల తిరగొద్దన్నవా అన్నా?" అన్న. మళ్లీ వచ్చి చూస్తానని పోయాడు. నువ్వూ గట్లనే చెప్పు, భయపడకు.

పుంజు మంచం ఎక్కినా దాన్ని కొట్టకు. మొన్న నువ్వు "జరం గోలీలతోటే పోతది, పుంజును కోసుకుందాం" అన్నప్పుడు నా మనసు చివుక్కుమంది. గోలీలు నేను మానలేదు. పుంజునూ ఉండనివ్వు.

స్వరూప

పాప పొద్దున ముట్టని అన్నం పుంజుకు వేశాను. మెతుకు మిగల్చలేదు. ముత్యాలమ్మ పాపను చూసుకుంటదని నాకు ధైర్యం వచ్చింది.