వేదిక మీద ఉన్నవాళ్ళందరూ

వికారాబాద్

తాతయ్యకు మనవరాలు వాసవి నమస్కారాలు.

ఫోనులో చెప్పిన మాట నిలవదంటావు కాబట్టి కాగితం మీదే రాస్తున్నాను. మా సంగీత పాఠశాల వాద్యబృందాన్ని నడిపించే పని మొదటిసారి నాకిచ్చారు. వయొలిన్లు, వేణువులు, బాకాలు, పెద్ద పెద్ద డ్రమ్ములు అన్నీ కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం. కచేరీ వచ్చే నెల మొదటి ఆదివారం, మన తాండూరులోనే. మీ సంఘం ఫంక్షన్ హాలు ఇప్పించాలి.

ఒక్కటే బెంగ. వాయించేవాళ్ళంతా నాకంటే పెద్దవాళ్ళు. మొన్నటిదాకా వాళ్ళకు కుర్చీలు వేసి, చూసి వాయించే స్వరాల కాగితాలు సర్దిన పిల్లని నేను. అందుకే కాగితంలోంచి తల ఎత్తి నావైపు చూడరు. కచేరీలోనూ చూడకపోతే మా ప్రిన్సిపాల్ పద్మారాణి మేడం నన్ను మళ్ళీ కుర్చీల పనికే పంపిస్తారు.

ఇట్లు,
నీ వాసవి

తా.క.: ఆ రోజు హాల్లో పెళ్ళేదైనా ఉందా? నాది కాకపోతే చాలు.

*

తాండూరు

చిరంజీవి వాసవికి తాత వెంకటేశ్వర్ ఆశీస్సులు.

హాలు నీదే. బండల దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకూ కచేరీ సంగతి చెబుతున్నాను. కానీ బిడ్డా, ఉత్తరం ఎంత వెతికినా నువ్వేం వాయిస్తావో కనబడలేదు. మీ నాయనమ్మ కస్తూరమ్మ చదివించుకుని, "అందరికి ఒక్కొక్కటి ఇచ్చి మన పిల్లకే ఏం ఇయ్యలేదా? గిదేం పద్ధతి?" అని అన్నం కూడా సరిగ్గా తినలేదు. మీ బాబాయి రూపేష్‌ను పంపిస్తున్నాను. మేడంతో మాట్లాడతాడు. అక్కడ ఏదీ మిగలకపోతే మన భజన మండలి హార్మోనియం నీకిచ్చి వస్తాడు. గాలి కొంచెం పోతుంది గానీ మోత బాగానే ఉంటుంది.

ఆశీర్వదిస్తూ,
తాత

తా.క.: చిడతలు కూడా పంపాను. ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

*

వికారాబాద్

తాతయ్యకు నమస్కారాలు.

బాబాయి వచ్చాడు. సాధన జరుగుతుంటే మధ్యలో హార్మోనియం దించి, "మా పిల్ల మీదనే మీకు గింత చిన్నచూపా?" అని మేడంను అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

తాతయ్యా, నేనేమీ వాయించను. నా చేతిలో సన్నటి పుల్ల ఒకటి ఉంటుంది. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో దాంతోనే చూపిస్తాను. వేదిక మీద ఉన్నవాళ్ళందరూ, ఎంత పెద్దవాళ్ళైనా సరే, నా చెయ్యి చెప్పినట్టు నడుచుకోవాలి. అదే నా ఉద్యోగం. వాళ్ళకు ఎదురుగా నిలబడతాను కాబట్టి జనానికి నా వీపు కనిపిస్తుంది. ఏమీ అనుకోవద్దని అందరికీ ముందే చెప్పు.

ఇంకొకటి. నీకు దండం పెడతాను, వేదిక మీద పెద్దల కుర్చీలు వేయించకు. అందరూ కిందే కూర్చోండి.

నీ వాసవి

తా.క.: హార్మోనియం తిరిగి పంపాను. చిడతలు మాత్రం మేడం ఇవ్వడం లేదు. ఆమెకు బాగా నచ్చాయి.

*

తాండూరు

చిరంజీవి వాసవికి తాత ఆశీస్సులు.

కమిటీ కూర్చుంది. "జనానికి వీపు చూపెట్టుడేంది? దండ ఎట్ల వేస్తం?" అని మా కోశాధికారి లేచాడు. ఎలాగో సర్దిచెప్పాను. కుర్చీల సంగతి మాత్రం నావల్ల కాలేదు. హాలు కట్టించిన పెద్దల్ని వేదిక ఎక్కించకుండా ఇక్కడ పసిపిల్లకు పేరు పెట్టిన ఫంక్షన్ కూడా జరగలేదు. అందుకని వాయించేవాళ్ళ వెనకాల ఒక వరస వేయిస్తున్నాను. నేనూ అందులోనే. నీకు ఎదురుగానే ఉంటాం.

ఫికర్ చేయకు. నీ ఉత్తరంలో "వేదిక మీద ఉన్నవాళ్ళందరూ" అని రాసిన ముక్క కమిటీకి చదివి వినిపించాను. బుద్ధిగా నడుచుకుంటామని అందరూ మాటిచ్చారు.

ఆశీర్వదిస్తూ,
తాత

తా.క.: బట్టల షాపు నిలువుటద్దం తెచ్చి నీ ఎదురుగా పెడితే జనానికి నీ ముఖం కనబడుతుందని రూపేష్ అన్నాడు. నేనే వద్దన్నాను. జనం నిన్ను వదిలేసి తమను తాము చూసుకుంటారు.

*

వికారాబాద్

తాతయ్యకు నమస్కారాలు. కోపం ఇంకా తగ్గలేదు.

వయొలిన్లు పెంచమని చెయ్యి ఎత్తాను. వెనక మీ వరసంతా లేచి నిలబడ్డారు. తగ్గించమని దించాను. కూర్చున్నారు. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ లేచారు! పెద్దలు లేచారని హాల్లో జనం కూడా లేచారు. బాకాల వైపు వేలు చూపిస్తే మీ కోశాధికారి ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. వాయించేవాళ్ళయితే కళ్ళింత చేసుకుని ఆఖరిదాకా నన్నే తినేసేలా చూశారు. కచేరీ ఎలా ముగిసిందో నాకే తెలియదు.

మేడం మాతో బస్సెక్కలేదు. తాండూరులో పనుందని ఆగిపోయారు. నన్ను తీసేసే మాట ముఖం మీద చెప్పలేక ఆగారని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. ఇన్నేళ్ళ చదువు ఒక్క సాయంత్రంలో పోయింది తాతయ్యా.

వాసవి

తా.క.: బుద్ధిగా నడుచుకుంటామన్న మాట మీరు తప్పలేదు. అదే నా ఏడుపు.

*

తాండూరు

చిరంజీవి వాసవికి తాత ఆశీస్సులు.

ఏడవకు బిడ్డా. మీ మేడం ఆగింది నా కోసమే. మర్నాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి, చాయ్ తాగుతూ ఏమన్నారో విను. "మావాళ్ళు కాగితంలకెల్లి తల ఎత్తరు పెద్దాయనా. ఎనుక మీ కుర్చీలు చప్పుడైనయి, ఏమైందోనని అందరు వాసవి దిక్కు చూసిన్రు. మళ్ళెప్పుడు లేస్తరో అని ఆఖరిదాక చూస్తనే ఉన్నరు. గింత మంచిగ ఎన్నడు వాయించలే" అన్నారు. బృందం ఇక నీదే. రేపో మాపో నీకే చెబుతారు.

ఒక షరతు ఉంది. వచ్చే కచేరీకి మా వరస కూడా వికారాబాద్ రావాలట! హాల్లో సాధన మొదలుపెట్టాం. మీ నాయనమ్మ గరిటె ఎత్తితే లేస్తాం, దించితే కూర్చుంటాం. కోశాధికారికి మోకాళ్ళ నొప్పులు, ఆ వైపు కాస్త మెల్లగా ఎత్తు.

హాలంతా నీ వీపే చూసింది. ఆ సంగీతం నడుస్తున్నప్పుడు నీ ముఖం ఎలా వెలిగిపోయిందో ఎదురుగా కూర్చున్న మాకే తెలుసు.

ఆశీర్వదిస్తూ,
తాత

తా.క.: మొదటిసారి నువ్వు చెయ్యెత్తింది మాకేననుకుని లేచాను. రెండోసారికి అది మాకు కాదని అర్థమైంది. అయినా లేచాను. నా మనవరాలు అంతమందిని నడిపిస్తుంటే కూర్చోబుద్ధి కాలేదు.