ముందు మీ సంగతే చూస్త

మంగళవారం రాత్రి, తార్నాక గది

ఈ క్యాంపస్‌లో వైర్లు బిగించే నేను ఈరోజు నుంచి బెదిరించేవాణ్ణట. నిన్న క్వార్టర్స్ నుంచి ప్రొఫెసర్ మెసేజ్ పెట్టాడు: "నా గీజర్ సంగతి ఏమైంది?" నేను జవాబిచ్చాను: "పొద్దున ముందు మీ సంగతే చూస్త సార్." తన ప్రశ్న కోసేసి, నా జవాబొక్కటే ఆఫీసుకు పంపాడు. ఈ పొద్దున నేను బయల్దేరకముందే గీజర్ దగ్గరికి పోవద్దని ఆఫీసు నుంచి కబురొచ్చింది. మొన్న "ఒరేయ్" అంటే "పేరుపెట్టి పిలవండి" అన్నాను కదా, ఆ మంట.

ముందూ వెనకా చూడకుండా మాటకు అర్థం చెప్పొద్దని పిల్లలకు పాఠం చెప్పేది ఈయనే. క్లాసులో ఫ్యాన్ బిగిస్తూ విన్నాను. నచ్చి, ఫోన్‌లో వెతికి మరీ చదివాను. ఎందుకు చదివానో.

సూపర్‌వైజర్ మల్లేశన్నకు ఫోన్ చూపించాను.

"పైన ఆయన అడిగింది సదువన్నా."

"నాకు సమజైంది. పెద్దసార్లకు ఆ ముక్క పోలేదు కద, నీ ఫోన్ ఆళ్లు సూడరు. మాఫ్ చెయ్యుండ్రి అని రాసియ్యి, ఖతం."

"చెయ్యని తప్పుకు ఎట్ల రాస్త?"

"రాయకుంటే రేపు గేటు కాడ్నే ఆపుతరు. నా చేతుల ఏం లేదు తమ్మీ."

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. రాస్తే ఫైల్లో క్షమాపణ ఒక్కటే మిగులుతుంది. గీజరూ ఉండదు, ఒరేయ్ కూడా ఉండదు. ఎవరు చదివినా బెదిరించాననే అనుకుంటారు. జరిగిందంతా రాసి చివర్న క్షమాపణ పెడదామా? ఆ పైభాగం కోయడం వాళ్లకు కొత్తా?

రాయకపోతే ఉద్యోగం పోతుంది. రాస్తే ఉంటుంది, పొద్దున ముందు చూడాల్సింది ఆయన గీజర్ సంగతే.